రుషికొండ నుంచి కయాక్‌లో కోనాం వేట: ఫిబ్రవరి ప్లాన్ ఒకసారి చూసి పెట్టండి

ఎంవీపీ_రీల్

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి మూడో వారంలో ఒక శనివారం ముగ్గురం వెళ్దామనుకుంటున్నాం. ముగ్గురికీ ఈత వచ్చు. చెరువుల్లో, బ్యాక్‌వాటర్‌లో తెడ్డు వేయడం అలవాటే గాని, కెరటాలు దాటి బయటికెళ్ళడం కొత్త. ప్లాన్ ఇదీ:

కయాక్‌లు మూడూ సిట్-ఆన్-టాప్ (పైన కూర్చునే) రకం. రెండు 12 అడుగుల తెడ్డువి, ఒకటి 13 అడుగుల పెడల్‌ది. రుషికొండ బీచ్ ఉత్తరపు చివర తెల్లవారుజామున 5:30కి నీళ్ళలో దిగడం. నేరుగా తూర్పుకి 6 కిలోమీటర్లు. అక్కడ కోనాం (వంజరం), తూర (ట్యూనా) కోసం ట్రోలింగ్ (కయాక్ నడుపుతూ వెనకాల ఎర లాగడం), అడుగున రాయి దొరికితే జిగ్గింగ్ (బరువైన లోహపు ఎరని కిందికి దించి కుదపడం). మధ్యాహ్నం 12కి ఒడ్డు.

సామాను: మనిషికి రెండు రాడ్లు, లైఫ్ జాకెట్ (గాలి నింపుకునే బెల్ట్ రకం), విజిల్, 2 లీటర్ల నీళ్ళు, వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో ఫోన్, ముగ్గురికీ కలిపి ఒక లంగరు. తెడ్డుకి తాడు ఉంది.

ఎక్కడ తప్పుందో మొహమాటం లేకుండా చెప్పండి.

భీమిలి_గాలం

రీల్ గారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా. ప్లాన్ అంతా వెళ్ళడం గురించే రాశారు. కయాక్ వేటలో ముందు లెక్క కట్టాల్సింది ఒడ్డుకి తిరిగొచ్చే గంట. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి.

మన తీరంలో ఫిబ్రవరిలో తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు పల్చటి గాలి ఉంటుంది. తొమ్మిది, పది దాటాక అది పడిపోయి, సముద్రం మీంచి గాలి మొదలవుతుంది. ఒంటిగంటకల్లా పెరుగుతుంది. ఆ గాలి మిమ్మల్ని ఒడ్డుకే నెడుతుంది కదా, మంచిదేగా అనిపిస్తుంది. కాదు. దూరం నుంచి వచ్చే పెద్ద కెరటం మీద ఈ గాలి పుట్టించే పొట్టి అలలు ఎక్కి కూర్చుంటాయి. పొద్దున సెట్ సెట్‌గా (వరసగా కొన్ని పెద్దవి), మధ్యలో గ్యాప్ ఇస్తూ వచ్చిన కెరటాలు మధ్యాహ్నానికి గ్యాప్ లేకుండా అయిపోతాయి. మీరు అలిసిపోయి, ఎండకి ఎండి, చేపల బరువుతో ఒడ్డు ఎక్కేది సరిగ్గా ఆ టైమ్‌లోనే.

అందుకని 10:30కి ముగ్గురూ ఇసక మీద ఉండాలి. అంటే 9:30కి తిరుగుముఖం. 5:30కి దిగడం కూడా మానండి. ఫిబ్రవరి మూడో వారంలో సూర్యోదయం దాదాపు 6:25. చీకట్లో సెట్ కనపడదు, వెనకాల వచ్చే పెద్దది అసలే కనపడదు. 6:15కి వెలుగు సరిపోతుంది.

ఇప్పుడు దూరం చూడండి. సామానుతో ఉన్న 12 అడుగుల తెడ్డు కయాక్ నిలకడగా గంటకి 5 కిలోమీటర్లు పోతుంది. 6 కిలోమీటర్లంటే ఎటు చూసినా గంటా పావు. నేలగాలి ఆరోజు మొండికేసి 10 దాకా వీస్తే వచ్చేటప్పుడు రెండు గంటలు. మొదటిసారికి 3 కిలోమీటర్లు చాలు. కోనాం అంతకంటే దగ్గరకే వస్తుంది, ఎర చేప ఎక్కడుంటే అక్కడికి.

ఎంవీపీ_రీల్

అయితే 6:15 నుంచి 10:30. నాలుగ్గంటలు. వేటకి మిగిలేది రెండున్నరే?

భీమిలి_గాలం

అవును. ట్రోలింగ్ అనేది వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ జరుగుతూనే ఉంటుంది కదా. లైను నీళ్ళలో లేని టైమ్ కెరటాల పట్టీలో గడిపిందే.

గంగమ్మ_తోడు

బాబూ, రుషికొండ అన్నారు. శనివారం అంటే జనం, స్నానాల వాళ్ళు, టూరిజం బోట్లు. పొద్దున ఆరింటికి పర్లేదు గాని పదిన్నరకి కయాక్ కెరటం మీద జారుకుంటూ వస్తే నడుం లోతులో పిల్లలుంటారు. 30 కిలోల ప్లాస్టిక్ మొద్దు అది. అంచేత ఇంకా ఉత్తరంగా, మంగమారిపేట వైపు జనం లేని ఇసక చూసుకోండి. అక్కడ ఆటు టైమ్‌లో రాళ్ళు తేలతాయి, ముందురోజు ఆటులో వెళ్ళి ఏ రాయి ఎక్కడుందో గుర్తు పెట్టుకోవాలి. పోటులో అవి మునిగుంటాయి, కనపడవు. పల్లెలో పెద్దవాళ్ళని అడక్కుండా వాళ్ళ పడవలు దిగే చోట దిగొద్దు. అడిగితే ఏ పక్క దారుందో వాళ్ళే చూపిస్తారు.

ఒడ్డు చదవడం ఏటంటే, పావుగంట ఊరికే నిలబడి చూడాలి. తెల్లగా నురగ విరిగేచోట కింద ఇసక దిబ్బ ఉన్నట్టు. రెండు నురగల మధ్యన నల్లగా, నున్నగా, కెరటం లేనట్టు కనపడేది లాగుడు. నీళ్ళు సముద్రంలోకి పోయే దారి అది. ఈత కొట్టేవాళ్ళని మింగేది అదే. కయాక్‌కి మాత్రం ఎల్లేటప్పుడు దాని అంచున పోతే కెరటం తక్కువ, నీరే బయటికి తోస్తుంది. వచ్చేటప్పుడు అందులోంచి రావొద్దు. ఎదురు నీటికి కెరటం నిటారుగా లేచి ముక్కు మీద పడుతుంది. వచ్చేటప్పుడు దిబ్బ పక్కనుంచి, నురగ మెల్లగా పొర్లే చోట రండి.

నిండు పోటులో ఒడ్డు ఏటవాలు ఎక్కువ, కెరటం తిన్నగా ఇసక మీదే పడి పగులుతుంది. కయాక్ ముక్కు ఇసకలో దిగబడిపోద్ది. మరీ ఆటులో దిబ్బలు పైకొచ్చి కెరటం దూరం నుంచే విరుగుతూ రెండు మూడు వరసలవుతుంది. నడిమి నీరు మంచిది. అమావాస్య, పున్నమి వదిలేసి అష్టమి తర్వాత రెండ్రోజుల్లో పెట్టుకుంటే ఆటుపోటు తేడా తక్కువ, వెళ్ళినప్పటి ఒడ్డే వచ్చినప్పుడూ ఉంటుంది.

సాగర్‌నగర్_సత్తి

భీమిలిలో గోస్తనీ ఏటి మొగ నుంచి దిగితే కెరటమే ఉండదు కదా? లోపల నీళ్ళు చెరువులా ఉంటాయి.

గంగమ్మ_తోడు

లోపల చెరువే. ఆటులో ఏటి నీరు బయటికి తోసుకొస్తుంటే, ఎదురుగా సముద్రపు కెరటం. రెండూ కొట్టుకునే చోట నీరు గోడలా లేస్తుంది, అదీ ఒక్కచోటే నిలబడి. పైగా మొగలో ఇసక తిన్నెలు ఏటేటా జరుగుతాయి. పోటు ఎక్కుతున్నప్పుడు దాటొచ్చు గాని మీరు తిరిగొచ్చేసరికి ఏ నీరు నడుస్తుందో చూసుకోవాలి. కొత్తవాళ్ళకి వద్దు.

పెడల్_ప్రసాద్

దిగే పద్ధతి మీద నేను రాస్తాను, ముఖ్యంగా పెడల్ కయాక్ ఉంది కాబట్టి.

ముందు ఇంటి దగ్గర ఒక పరీక్ష. కయాక్‌ని మీరు అనుకున్న సామానంతా కట్టి గడ్డి మీద బోర్లా తిప్పండి. గట్టిగా నాలుగుసార్లు కుదపండి. కింద ఏది పడిందో అది సముద్రంలో పోయినట్టే. కెరటాల పట్టీలో రాడ్ హోల్డర్‌లో రాడ్ నిలబెట్టి ఉంచకూడదు. పోతే రాడ్ ఒక్కటే పోదు, బోల్తాపడ్డప్పుడు ఆ గాలాలు మీ చెయ్యికో మెడకో దిగుతాయి. రెండు ముక్కల రాడ్లు విప్పి, గాలాలు తీసేసి, ముందు హ్యాచ్‌లో (మూత ఉన్న అరలో) పెట్టండి. లోపల పట్టకపోతే డెక్ మీద పొడుగ్గా పడుకోబెట్టి మూడు చోట్ల బెల్ట్. ఫిష్ ఫైండర్ తెర కూడా ఊడదీసి లోపల.

నీటిలోకి: కయాక్ ముక్కు కెరటానికి తిన్నగా. ఒడ్డు గీతకి కాదు, కెరటం వచ్చే దిక్కుకి. రెండూ ఒకటి కావు. మీరు కయాక్ పక్కన, ముక్కుకి దగ్గరగా నిలబడి మోకాలి లోతు దాకా నడిపించండి. సెట్‌లో ఆఖరి పెద్ద కెరటం విరిగి నురగ మీ దగ్గరికి వచ్చి పోగానే ఎక్కేయాలి. ఎక్కడం అంటే ముందు పిరుదులు సీట్లో, కాళ్ళు తర్వాత. సీటు సర్దుకోవడం, బెల్ట్ బిగించడం ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు, తెడ్డు మాత్రం వెంటనే పడాలి. ఇక ఆగొద్దు. కెరటం మీదికి వస్తోందని భయపడి తెడ్డు ఆపేసినవాళ్ళే వెనక్కి కొట్టుకుపోతారు. నురగ తగిలే క్షణానికి ఒళ్ళు ముందుకి వంచి, తెడ్డు బలంగా నీళ్ళలో దించి లాగండి. వేగం ఉంటే ముక్కు కెరటాన్ని పొడుచుకుని పోతుంది.

పెడల్ కయాక్ అయితే, మోకాలి లోతులో డ్రైవ్ (పెడల్ తొక్కితే కయాక్‌ని తోసే భాగం) కింద ఉంటే ఇసక్కి తగిలి వంగిపోతుంది. రెక్కల రకమైతే రెండు రెక్కలూ పొట్టకి ఆనేలా ఒక పెడల్ పూర్తిగా ముందుకి తోసి ఉంచాలి. ప్రొపెల్లర్ రకమైతే డ్రైవ్ పైకెత్తి లాక్ చేయాలి. చుక్కాని కూడా పైకే. కెరటాలు దాటేది తెడ్డుతోనే. కాబట్టి పెడల్ కయాక్ అతను కూడా తెడ్డు వేయడం వచ్చినవాడై ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

ఒకరి తర్వాత ఒకరు. ముందు వెళ్ళినవాడు పూర్తిగా దాటి, విరిగే చోటుకి 50 మీటర్ల అవతల ఆగి, తెడ్డు నిలువుగా పైకెత్తితే రెండోవాడు దిగాలి. తెడ్డు అడ్డంగా పైకెత్తితే ఆగమని. ఒడ్డున ఒక మనిషి ఉంటే ఇంకా మంచిది. బయటినుంచి చూస్తే కెరటం వీపు మాత్రమే కనపడుతుంది, ఎంత ఎత్తు విరుగుతోందో తెలియదు. ఒడ్డున ఉన్నవాడికే తెలుస్తుంది.

సాగర్‌నగర్_సత్తి

తెడ్డు తాడు మాటేంటి? కెరటాల్లో తెడ్డు పోతే పనయిపోయినట్టే కదా.

పెడల్_ప్రసాద్

కెరటాల పట్టీలో తాడు తీసేయాలన్నది నా పట్టు. బోల్తాపడితే తెడ్డు, తాడు, కయాక్, మీరు అంతా ఒకే నురగలో దొర్లుతారు. మీటరు పొడుగు తాడు చేతికో కాలికో చుట్టుకుంటే చాలు. అక్కడ పోయిన తెడ్డు ఐదు నిమిషాల్లో ఒడ్డుకి అదే వస్తుంది.

కోనాం_పిచ్చి

ఒడ్డుకి వస్తుంది, నిజమే. లాగుడు అంచున దిగమన్నారు పైన. అక్కడ పోతే బయటికి పోతుంది. తాడు తీసేసేటట్టయితే ముగ్గురి మీదా ఒక విడి తెడ్డు, రెండు ముక్కలది, హ్యాచ్‌లో ఉండాలి. లేకపోతే నేను తాడుకే ఓటు వేస్తా, స్ప్రింగ్‌లా చుట్టుకునే పొట్టిది, లాగితే తెగే కట్టుతో.

భీమిలి_గాలం

ఈ విషయంలో ఇద్దరూ ఎప్పటికీ కలవరు. ఒక్కటి మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు: మనిషిని కయాక్‌కి కట్టే తాడు కెరటాల్లో ఉండకూడదు, బయట ఉండాలి. బయట నేలగాలికి ఖాళీ కయాక్ మీ ఈత కంటే వేగంగా కొట్టుకుపోతుంది. లైఫ్ జాకెట్ వేసుకుని దాన్ని పట్టుకోవడం కుదరదు.

అన్నట్టు రీల్ గారూ, ఆ గాలి నింపుకునే బెల్ట్ జాకెట్ ఇంట్లో పెట్టేయండి. నురగలో దొర్లుతూ తాడు వెతుక్కుని లాగేదెవరు? ఆటోమేటిక్‌ది అయితే మొదటి కెరటానికే ఉబ్బి కూర్చుంటుంది, ఇక తెడ్డు వేయలేరు. ఫోమ్‌ది కావాలి, భుజాల దగ్గర చేతులు ఆడేది, కాళ్ళ మధ్యనుంచి పట్టీ ఉంటే ఇంకా మంచిది. విజిల్, చిన్న కత్తి కయాక్ మీద కాదు, జాకెట్‌కే ఉండాలి.

ఎంవీపీ_రీల్

జాకెట్లు మారుస్తున్నాం. వాతావరణం ఏ అంకె చూసి రద్దు చేసుకోవాలి? "సముద్రం ప్రశాంతం" అంటే నాకు అర్థం కావట్లేదు.

లెక్కల_కెరటం

ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) వాళ్ళ సముద్ర స్థితి సూచనలు చూడండి. హైదరాబాద్ నుంచి ఇస్తారు, తీరం వెంబడి చోటు ఎంచుకోవచ్చు. అందులో మూడు అంకెలు కావాలి: కెరటం ఎత్తు, స్వెల్ (దూరం నుంచి వచ్చే కెరటం) వ్యవధి, అంటే రెండు కెరటాల మధ్య సెకన్లు, ఇంకా గాలి.

ఎత్తు దగ్గర అందరూ పొరబడతారు. వాళ్ళిచ్చే ఎత్తు, వచ్చే కెరటాల్లో పెద్దవైన మూడో వంతుకి సగటు. 0.8 మీటర్లని ఉంటే, నాలుగ్గంటల్లో దానికి దాదాపు రెట్టింపుది ఒకటైనా వస్తుంది.

వ్యవధి ఇంకా ముఖ్యం. కెరటంలో శక్తి ఎత్తు వర్గానికీ వ్యవధికీ అనుపాతం. 0.8 మీటర్ల కెరటం 7 సెకన్ల వ్యవధితో వస్తే ఒడ్డు దగ్గర సుమారు 1.1 మీటర్ల ఎత్తున విరుగుతుంది. అదే 0.8 మీటర్లు 14 సెకన్లతో వస్తే 1.5 మీటర్లకి దగ్గరగా లేస్తుంది. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో తుపానుకి పుట్టి వచ్చే స్వెల్ ఇలాంటిది. ఇక్కడ గాలే ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, బయట నీరు అద్దంలా ఉంటుంది, ఒడ్డున మాత్రం బాదుతుంది. ఏప్రిల్ నుంచి ఇది ఎక్కువ. ఫిబ్రవరిలో తక్కువే గాని లేకపోదు.

కెరటం తన ఎత్తుకి సుమారు 1.3 రెట్ల లోతులో విరుగుతుంది. 1.1 మీటర్లది మీటరున్నర లోతులో. ఇది తెలిస్తే ఒడ్డున నిలబడే ఎత్తు అంచనా వేయొచ్చు.

మొదటిసారికి నా గీత: ఎత్తు 0.6 మీటర్లు దాటినా, వ్యవధి 11 సెకన్లు దాటినా, ఉదయం 10కి ముందు గాలి గంటకి 15 కిలోమీటర్లు దాటినా వద్దు. మూడింట్లో ఏ ఒక్కటి దాటినా చాలు. ముందురోజు సాయంత్రం చూసి, పొద్దున 5కి మళ్ళీ చూడండి. విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం మత్స్యకారులకి ఏదైనా హెచ్చరిక ఇస్తే ఇక అంకెలు చూడక్కర్లేదు, పడుకోండి.

భీమిలి_గాలం

లెక్కల గారూ, నీటివాలు కూడా చెప్పండి. ఫిబ్రవరిలో మన తీరం వెంబడి నీరు ఈశాన్యానికి నడుస్తుంది, అక్టోబరు, నవంబరు, డిసెంబరులో నైరుతికి.

లెక్కల_కెరటం

అవును, అది చెప్పాల్సిందే. తీరం దగ్గర రోజురోజుకీ మారుతుంది గాని ఫిబ్రవరిలో మొగ్గు ఉత్తరానికే. నైరుతి గాలి తోడైతే ఆగి జిగ్గింగ్ చేస్తున్న గంటలో భీమిలి వైపు కిలోమీటరు పైనే జరిగిపోతారు. అందుకని బయటికెళ్ళాక ముందు దక్షిణంగా ఎదురు తెడ్డు వేసి, తర్వాత నీటితో పాటు వేటాడుకుంటూ రండి. దిగిన చోటుకి ఉత్తరంగా ఇంకో చోటు ముందే చూసి పెట్టుకోండి, బండి అక్కడికి రాగలగాలి.

ఒడ్డున రెండు గుర్తులు ఒకే గీతలో పెట్టుకుంటే జరుగుతున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. ముందు ఏదైనా భవనం, వెనకాల కొండ మీద టవర్. రెండూ విడిపోతుంటే నీరు మిమ్మల్ని తీసుకుపోతోంది. జాలర్లు జీపీఎస్ లేని రోజుల్నుంచీ చేసేది ఇదే.

సముద్రం_మనదే

చట్టం, భద్రత సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇది విశాఖ, తూర్పు నౌకాదళ కేంద్రం. డాల్ఫిన్స్ నోస్, ఓడరేవు ముఖద్వారం, ఓడలు లంగరేసే చోట్లు మీ మ్యాప్‌లోంచి కొట్టేయండి. భీమిలి దారిలో ఐఎన్‌ఎస్ కళింగ (నౌకాదళ స్థావరం) ముందున్న నీళ్ళు కూడా. నీరు ఉత్తరానికి తోస్తుంది అన్నారు కదా, కొట్టుకుపోయి అక్కడ తేలకండి. ముందురోజు మెరైన్ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఎంతమంది, ఏ రంగు కయాక్‌లు, ఎన్నింటికి దిగి ఎన్నింటికి వస్తారో రాసివ్వండి. ఆధార్ జిప్ కవర్‌లో దగ్గరుంచుకోండి.

నంబర్లు: కోస్ట్ గార్డ్ 1554, తీర భద్రత 1093. ఫోన్‌లో కాదు, లామినేట్ చేసి కయాక్ డెక్ మీద అతికించండి.

ముఖ్యంగా ఒకటి. విదేశీ వీడియోలు చూసి ఉపగ్రహంతో మెసేజ్ పంపే చిన్న పరికరాలు తెప్పించుకుంటున్నారు. టెలికాం శాఖ అనుమతి లేకుండా మన దేశంలో అవి దగ్గరుంచుకోవడమే నేరం. వాటి మీద అరెస్టులు జరిగాయి. అనుమతి లేకపోతే ఫోన్‌లే గతి. 3 కిలోమీటర్ల దాకా బీచ్ రోడ్డు టవర్ల సిగ్నల్ మామూలుగా అందుతుంది. రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల ఫోన్లు, ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర. తడి చేత్తో పౌచ్ మీంచి తెర పని చేయదు, బటన్ నొక్కితే కాల్ పోయేలా ముందే సెట్ చేసుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మోటారు లేని సంప్రదాయ పడవలకి మినహాయింపు ఉంది. మీ కయాక్‌కి ఎలక్ట్రిక్ మోటారు బిగిస్తే ఆ మాట చెప్పుకోలేరు.

కోనాం_పిచ్చి

ఇక అసలు సంగతికొద్దాం. మనిషికి రెండు రాడ్లు ఎక్కువే, మొదటిసారికి ఒకటి చాలు.

6.5 నుంచి 7 అడుగుల రాడ్, 4000 లేదా 5000 సైజు రీల్, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) 250 మీటర్లు. మీటరున్నర 50 పౌండ్ల లీడర్ (దారం చివర కట్టే గట్టి దారం), చివర్లో 30 సెంటీమీటర్ల సింగిల్ స్ట్రాండ్ ఉక్కు తీగ. కోనాం పళ్ళు కత్తెరలే, తీగ లేకపోతే లూర్ (నకిలీ ఎర) పోతుంది, చేపా పోతుంది. తీగ అంతకంటే పొడుగైతే లూర్ ఆడదు. గంటకి 5, 6 కిలోమీటర్ల వేగంతో ముక్కు మునిగే లూర్ ఒకటి 30 మీటర్ల వెనక. వెండి రంగు, నీలం వీపు. పొద్దున నీరు మసగ్గా ఉంటే పింక్.

కానాగంతలు దొరికితే లూర్ పక్కన పెట్టేయండి. సబీకి (చిన్న గాలాల వరస) వేసి నాలుగు పట్టి, బతికున్న దాన్ని ముక్కు దగ్గర ఒక గాలం, వీపు దగ్గర తీగతో ఇంకో గాలం వేసి మెల్లగా, నడక వేగంతో లాగండి. కోనాం వెనకనుంచి కొరికి తోక కోసుకుపోతుంది, ఆ రెండో గాలమే పట్టేది.

జిగ్ 20, 25 మీటర్ల లోతుకి 40 నుంచి 60 గ్రాములు, నీరు నడుస్తుంటే 80.

డ్రాగ్ (రీల్ దారం వదిలే బిగువు) స్ప్రింగ్ త్రాసుతో చూసుకుని 3 కిలోలు. అంతకంటే బిగించొద్దు. కయాక్‌లో పక్కకి లాగే చేప మనల్ని తిప్పేస్తుంది. రాడ్ ఎప్పుడూ ముక్కు వైపు ఉంచండి, చేప కయాక్‌నే లాక్కుపోనివ్వండి, అదే అలిసిపోతుంది. పక్కకి వచ్చాక తొందరొద్దు. కోనాం కయాక్‌ని చూడగానే ఇంకోసారి పరుగెడుతుంది, అప్పుడే డ్రాగ్ బిగించి ఉంటే గాలం ఊడుతుంది. ఒడిలోకి లాక్కోకండి. మూడు గాలాల లూర్ నోట్లో ఉన్న చేప తొడ మీద కొట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. గాఫ్ (కొక్కెం కర్ర) వేసి, పక్కనే నీళ్ళలో ఉంచి తలమీద ఒక దెబ్బ, మొప్పలు కోసి రక్తం కార్చి, తర్వాత బ్యాగులోకి. పొడుగు ప్లయర్ లేకుండా నోటి జోలికి పోవద్దు.

కోనాం, తూర, కానాగంత జాతికి ఎండ తగిలితే హిస్టమిన్ తయారవుతుంది. తర్వాత ఎంత ఉడకబెట్టినా పోదు, దద్దుర్లు, వాంతులు. మనిషికి 5 కిలోల ముక్కల ఐస్. చేపని తాడుకి గుచ్చి నీళ్ళలో వేలాడేయడం చెరువులో బాగుంటుంది, ఇక్కడ సొర వస్తుంది.

గంగమ్మ_తోడు

గాలానికి సముద్రపు పాము పడితే చేత్తో పట్టకండి. మన దగ్గర కనపడేవి చాలావరకు విషప్పాములే. దారం కోసేయండి. ముళ్ళ జెల్ల గుచ్చితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో పెట్టాలి, ఒడ్డున మనిషి దగ్గర ఫ్లాస్కు ఉంచండి. తాబేళ్ళు ఈ నెలల్లో పైకి తేలి ఉంటాయి, ట్రోలింగ్‌లో ముందు చూస్తూ పోండి.

వలల సంగతి. తెల్ల బెండ్లు, జెండా కర్రలు వరసగా కనపడితే కింద వల ఉన్నట్టు. దాటాలంటే లూర్ పైకి తీసి, చివర నుంచి చుట్టి రండి. బెండుకి కయాక్ కట్టడం, వల పక్కనే జిగ్గింగ్ చేయడం గొడవకే. వల ఎత్తుతున్న పడవ దగ్గరికి పోవద్దు. ఇంజను పడవ నడిపేవాడికి ఎదురెండలో మీరు కనపడరు. ఒకటిన్నర మీటర్ల కర్రకి నారింజ రంగు జెండా ఎగరేయండి. ఒడ్డెక్కే ముందు దాన్ని పడుకోబెట్టేయండి.

లెక్కల_కెరటం

లంగరు: 1.5 కిలోల మడత లంగరు, తాడు లోతుకి మూడు రెట్లు. 20 మీటర్లకి 60 మీటర్లు. తాడు నడుం దగ్గర కట్టొద్దు, ముక్కు నుంచో తోక నుంచో మాత్రమే. పక్కనుంచి కడితే నీటివాలుకి కయాక్ ఒరిగి బోల్తా. ఒక్క లాగుకి ఊడే ముడి, చివర బెండు ఉండాలి. ఓడ వస్తుంటే లంగరు వదిలేసి పోయి మళ్ళీ వచ్చి తీసుకోవచ్చు. రాళ్ళలో లంగరు ఇరుక్కోవడం ఖాయం కాబట్టి మొదటిసారికి లంగరు కంటే నీటి గొడుగు (నీళ్ళలో తెరుచుకుని కయాక్‌ని నెమ్మదించే గుడ్డ) నయం, జరిగే వేగం సగం అవుతుంది.

పెడల్_ప్రసాద్

కయాక్ కారడం గురించి. సెకండ్‌హ్యాండ్ అయితే తప్పనిసరి, కొత్తదైనా చూడండి. నీళ్ళు పోయే గొట్టపు రంధ్రాల్లో గుచ్చి లాగే చక్రాల బండి వాడితే ఆ గొట్టం లోపలి అంచున వెంట్రుకవాసి పగులు వస్తుంది. బయటికి కనపడదు. హ్యాచ్‌లోంచి పది లీటర్ల నీళ్ళు లోపల పోసి, కయాక్‌ని అటూ ఇటూ వాల్చి, పావుగంట రంధ్రాల చుట్టూ, డ్రైవ్ గూడు చుట్టూ వేలితో తడిమి చూడండి. చెమ్మ తగిలితే అదే. సముద్రంలో ఆ పగులే గంటకి లీటర్ల కొద్దీ తాగుతుంది.

లోపల పదిహేను, ఇరవై లీటర్లు చేరితే కయాక్ మునగదు, కానీ మీరు ఒరిగిన వైపుకే ఆ నీరంతా పరుగెత్తి దాన్ని పూర్తిగా తిప్పేస్తుంది. అరగంటకోసారి ఒళ్ళు కుదిపి లోపల గలగల వినపడుతోందేమో చూడండి. వినపడితే నడిమి చిన్న హ్యాచ్‌లోంచి చేతి పంపుతో తోడండి. ముందు పెద్ద హ్యాచ్ బయట తెరవొద్దు, ఒక్క అల చాలు.

తిరిగి ఎక్కడం ముగ్గురూ నిండు సరంజామాతో మెడలోతు నీళ్ళలో సాధన చేయాలి. బోల్తాపడ్డ కయాక్ పొట్ట మీంచి అవతలి అంచు పట్టుకుని వెనక్కి వాలి తిప్పడం. తర్వాత పక్కనుంచి కాళ్ళు కొడుతూ నీటి మట్టానికి ఒళ్ళు తేల్చి, పొట్ట సీటు మీదికి జార్చి, వెల్లకిలా తిరిగి కూర్చుని, కాళ్ళు లోపలికి. మూడు ప్రయత్నాల్లో ఎక్కలేకపోతే ఆ మనిషి ఈ ట్రిప్‌కి వద్దు.

ఎంవీపీ_రీల్

ఒడ్డుకి రావడం గురించి ఎవరైనా వివరంగా రాస్తారా? దిగడం అర్థమైంది.

భీమిలి_గాలం

రాస్తున్నా, కష్టమంతా ఇక్కడే.

విరిగే చోటుకి 60 మీటర్ల అవతలే ఆగండి. రాడ్లు, జెండా, ఫైండర్ మళ్ళీ లోపలికి. చేపల బ్యాగుకి రెండు బెల్టులు. డ్రైవ్, చుక్కాని పైకి. హెల్మెట్ ఉంటే ఇప్పుడే. మూడు సెట్లు లెక్కపెట్టండి. పెద్దవి ఎన్ని వస్తున్నాయో, మధ్యన ఎంతసేపు గ్యాప్ ఉంటోందో.

సెట్‌లో ఆఖరి పెద్దది మీ కిందనుంచి జారిపోగానే దాని వీపు మీద వెంటపడండి. దాన్ని దాటి ముందుకి పోకూడదు, వెనకపడిపోకూడదు. ప్రతి నాలుగు తెడ్లకీ ఒకసారి వెనక్కి చూడండి. వెనకది దగ్గరకొస్తే తెడ్డు వెనక్కి వేసి ఆగండి, దాన్ని పోనివ్వండి. కెరటం ఎత్తుకుని ముందుకి జార్చిందా, ఒళ్ళు పూర్తిగా వెనక్కి వాల్చండి, లేకపోతే ముక్కు నీళ్ళలోకి గుచ్చుకుని తోక మీ తల మీదుగా వస్తుంది.

కయాక్ పక్కకి తిరిగిపోయిందనుకోండి, తిరుగుతుంది కూడా, అప్పుడు కెరటం వైపుకే ఒరగాలి. ఒడ్డు వైపుకి కాదు. ఒడ్డు వైపుకి ఒరిగితే కింది అంచు నీళ్ళలో చిక్కుకుని ఒక్క క్షణంలో తిరగబడుతుంది. తెడ్డు ఆకు సముద్రం వైపు నురగ మీద ఆనించి, దాని మీద బరువేసి పక్కగానే ఒడ్డు దాకా కొట్టుకురండి. చూడ్డానికి అందంగా ఉండదు, పని జరుగుతుంది.

మోకాలి లోతులో సముద్రం వైపుకే దిగాలి. కయాక్‌కీ ఒడ్డుకీ మధ్యన నిలబడ్డారంటే తర్వాతి కెరటం సామానుతో 50 కిలోలున్న దాన్ని మీ మోకాళ్ళ మీదికి తోస్తుంది. ముక్కు దగ్గరి పిడి పట్టుకుని, దాన్ని తిన్నగా తిప్పుతూ పైకి లాగండి. పిడిలో వేళ్ళు దూర్చొద్దు, కయాక్ మెలి తిరిగితే వేళ్ళు కూడా తిరుగుతాయి.

బోల్తాపడితే కయాక్‌ని వదిలేయండి. అది ఒడ్డుకే పోతుంది. మీరు దానికి సముద్రం వైపున ఉండండి.

ఎంవీపీ_రీల్

అందరికీ చాలా థ్యాంక్స్. మార్చిన ప్లాన్:

మంగమారిపేట వైపు, పల్లెలో అడిగి, ముందురోజు ఆటులో రాళ్ళు చూసుకుని. అష్టమి తర్వాత వచ్చే శనివారం. 6:15 దిగడం, 3 కిలోమీటర్లు దాటకుండా, ముందు దక్షిణంగా. 9:30 తిరుగుముఖం, 10:30 ఒడ్డు. ఫోమ్ జాకెట్లు, మనిషికి ఒక రాడ్, విడి తెడ్డు ఒకటి, చేతి పంపులు మూడు, 3 లీటర్ల నీళ్ళు, ఓఆర్ఎస్. లంగరు లేదు, నీటి గొడుగు. ఒడ్డున మా తమ్ముడు బండితో, ఫ్లాస్కుతో. అంతకు ముందు వారం కెరటం బాగా చిన్నగా ఉన్న పొద్దున, చేపల సామాను లేకుండా ఖాళీ కయాక్‌లతో దిగడం ఎక్కడం మాత్రమే పదేసిసార్లు.

తెడ్డు తాడు ఇంకా తేల్చుకోలేదు.

కోనాం_పిచ్చి

ఖాళీ కయాక్‌లతో సాధన బాగుంది గాని, ఆఖరి రెండు సార్లు డబ్బాల్లో 15 కిలోల నీళ్ళు నింపి వెనక తొట్టిలో కట్టి చేయండి. తోక బరువైతే కయాక్ తిరిగే తీరే మారిపోతుంది.

సముద్రం_మనదే

ఒడ్డున ఉండే తమ్ముడికి కాగితం మీద రాసివ్వండి, నోటి మాట కాదు. 10:30కి ముగ్గురిలో ఎవరూ కనపడకపోతే రెండు ఫోన్లకీ కాల్. 10:45కి జవాబు లేకపోతే పల్లెలో పడవల వాళ్ళకి చెప్పాలి, వాళ్ళే అందరికంటే ముందు చేరతారు. 11కి 1554. ఫోన్‌లో అడిగేవి ఇవే: ఎక్కడ దిగారు, ఎన్నింటికి, ఎంతమంది, కయాక్ రంగు, జాకెట్ రంగు, ఆఖరిసారి ఏ దిక్కులో కనపడ్డారు. ఆ ఆఖరి దానికోసం 8కీ 9కీ అతను బైనాక్యులర్‌తో చూసి, టైమూ దిక్కూ అదే కాగితం మీద రాసుకోవాలి.